మావగారి మంచి గంటను మాత్రమే చూసి వెళ్లారు

ప్రశ్న: నమస్తే మేడమ్. మేం టెక్సాస్‌లో ఉంటాం. మావారు అమెరికన్. మావగారికి 77 ఏళ్లు. 1969లో ఆర్మీ తరఫున వియత్నాం వెళ్లి ఏడాది ఉండి వచ్చారు. చాలా ఏళ్లుగా షుగర్ ఉంది, ఆరేళ్ల నుంచి పార్కిన్సన్స్ కూడా. అత్తగారు పోయాక, రెండేళ్లుగా మా దగ్గరే ఉంటున్నారు. పొద్దున లేపడం, స్నానం, బట్టలు వేయడం మావారు చూస్తారు. మిగతా రోజంతా నేను చూసుకుంటాను. ఉద్యోగం సగం రోజుకు తగ్గించుకున్నాను. ఈ నాలుగు నెలల్లో ఆయన బాత్రూమ్‌లో రెండుసార్లు పడ్డారు. ఇంటికి ఎవరినైనా సాయం పంపమని వీఏలో (మాజీ సైనికుల వ్యవహారాలు చూసే ప్రభుత్వ శాఖలో) అడిగితే, ఒక నర్సు పదకొండు గంటలకు వచ్చి చూసింది. మావగారు మంచి చొక్కా వేసుకుని, నిటారుగా కూర్చుని, "అన్నీ నేనే చేసుకుంటాను" అన్నారు. లేచి నడిచి కూడా చూపించారు. నేను నోరు తెరవలేకపోయాను. ప్రస్తుతానికి అర్హత లేదన్నారు. మళ్లీ అడగొచ్చా? చూసుకుంటున్నందుకు కోడలికి కూడా డబ్బు ఇస్తారని ఎవరో అన్నారు, నిజమేనా? ఒకాయనేమో 3,000 డాలర్లు ఇస్తే మావగారి డబ్బంతా ట్రస్టులో పెట్టించి పెన్షన్ వచ్చేలా చేస్తానంటున్నారు. పాత సైనిక రికార్డులు ఎప్పుడో కాలిపోయాయి కాబట్టి తన సాయం లేకుండా పని జరగదని కూడా అన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక కోడలు

సమాధానం: అమ్మా, "నేను నోరు తెరవలేకపోయాను" అన్న మాట దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. పెద్దాయన అంత హుందాగా కూర్చుని అన్నీ చేసుకుంటానని చెబుతుంటే, పక్కన నిలబడి "కాదండీ, చేసుకోలేరు" అని కోడలు ఎలా అంటుంది? అనలేకపోయినందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. కాకపోతే ఆ రోజు నర్సు రాసుకున్న కాగితంలో మీ ఇంట్లో పొద్దున ఆరింటికి జరిగేది ఒక్క ముక్క కూడా లేదు. ఇప్పుడు దాన్ని సరిచేసుకోవాలి, సరిచేసుకోవచ్చు కూడా.

మళ్లీ అడగొచ్చు. ఆమె చెప్పింది ఆ రోజు తనకు కనిపించిన పరిస్థితిని బట్టి తీసుకున్న వైద్యపరమైన నిర్ణయం. అది జీవితాంతం ఉండే తీర్పు కాదు. వీఏలో మావగారిని మామూలుగా చూసే డాక్టరు బృందంలో ఒక సోషల్ వర్కర్ ఉంటారు. ఆమెకు ఫోన్ చేసి, రెండుసార్లు పడ్డారని, మొదటి అసెస్‌మెంట్‌లో పొద్దుటి పరిస్థితి నమోదు కాలేదని, మళ్లీ చూడమని అడగండి. అదే మాట రాతలో కూడా పంపండి. ఆ తర్వాత కూడా కాదంటే, ప్రతి వీఏ మెడికల్ సెంటర్‌లోనూ పేషెంట్ అడ్వకేట్ అనే ఉద్యోగి ఉంటారు. వైద్యపరమైన నిర్ణయం మీద అప్పీలు ఎలా వేయాలో చెప్పడం ఆమె పనే. అక్కడిదాకా వెళ్లాల్సిన అవసరం రాదనే నా నమ్మకం.

ఎందుకంటే, మీరు రాసినదాంట్లో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది పదకొండు గంటలు అన్న టైం. పార్కిన్సన్స్‌కు సాధారణంగా ఇచ్చే మందు లెవోడోపా. అది ఒంట్లో పనిచేస్తున్నంతసేపు మనిషి బాగానే లేస్తాడు, నడుస్తాడు, గుండీలు కూడా పెట్టుకుంటాడు. దాని ప్రభావం తగ్గాక అదే మనిషి కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు నిలబడిపోతాడు. జబ్బు పాతబడేకొద్దీ ఈ తేడా పెరుగుతుంది. డాక్టర్లు వీటిని ఆన్ టైం, ఆఫ్ టైం అంటారు. రాత్రంతా మందు లేక, పొద్దున మొదటి మాత్ర ఇంకా పనిచేయని వేళ చాలామందికి అన్నిటికంటే కష్టమైన వేళ. మీవారు ఆయన్ని లేపి, స్నానం చేయించి, బట్టలు వేసేది సరిగ్గా అప్పుడే. నర్సు వచ్చేసరికి మాత్ర బాగా పనిచేస్తూ ఉండాలి. మావగారు అబద్ధం ఆడలేదు. ఆ గంటలో ఆయన నిజంగానే నడవగలరు. ఆమె కూడా చూసిందే రాసింది. తప్పు ఎవరిదీ కాదు, చూసిన గంట అలాంటిది.

కాబట్టి రెండోసారి అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే చెప్పండి: "ఆయనకు పార్కిన్సన్స్, మందుల టైం ఇది, వీలైతే పొద్దున ముందుగా రండి, లేదా మాత్రకీ మాత్రకీ మధ్య ప్రభావం తగ్గే వేళకు రండి." వీలు కాదంటే, ఏ గంటకు ఏ మాత్ర వేస్తారో, ఎంతసేపటికి పనిచేస్తుందో, ఎప్పుడు తగ్గుతుందో ఒక కాగితం మీద రాసి ఆమె చేతిలో పెట్టండి. ఆయన ఒప్పుకుంటే పొద్దున మంచం మీంచి లేచేటప్పుడు ఒక చిన్న వీడియో తీసి ఉంచండి. ఆయన ఒప్పుకుంటేనే సుమా. వద్దంటే వద్దు.

ఇక వాళ్లు అసలు దేన్ని కొలుస్తారో చెబుతాను. ఇంటికి వచ్చి ఒంటి పనుల్లో సాయపడే మనిషిని పంపే వీఏ కార్యక్రమం పేరు హోమ్‌మేకర్ హోమ్ హెల్త్ ఎయిడ్. మనిషి జబ్బు పేరేమిటన్నది అందులో రెండో విషయం. తన పని తాను చేసుకోగలడా లేదా అన్నదే మొదటిది. స్నానం, బట్టలు వేసుకోవడం, తినడం, టాయిలెట్‌కి వెళ్లి శుభ్రం చేసుకోవడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, ఇంట్లో అటూ ఇటూ కదలడం లాంటి రోజువారీ పనులను లెక్కలోకి తీసుకుంటారు. ఇలా లెక్కపెట్టే పద్ధతికి పునాది వేసినవారిలో ముఖ్యుడు సిడ్నీ కాట్జ్ అనే అమెరికన్ డాక్టరు. క్లీవ్‌లాండ్‌లో ముసలివాళ్లకు వైద్యం చేస్తూ ఆయన బృందం 1963లో ప్రచురించిన పట్టిక ఈ రోజుకీ వాడుకలో ఉంది. ఆ బృందం గమనించిన ఒక విషయం నా మనసులో నిలిచిపోయింది. శక్తి తగ్గుతున్న మనిషి సాధారణంగా మొట్టమొదట పోగొట్టుకునేది తనంతట తాను స్నానం చేయగలగడం. చిట్టచివరిదాకా మిగిలేది తన చేత్తో తాను తినగలగడం. పసిపిల్లలు ఈ పనులు నేర్చుకునే వరస దీనికి దాదాపు తలకిందులుగా ఉంటుంది. అందుకే "చక్కగా తింటున్నారు కదా" అనే మాటకు అసెస్‌మెంట్‌లో పెద్ద విలువ లేదు. స్నానం గురించి అడిగినప్పుడు మాత్రం మీరు తడబడకూడదు.

వీఏ మార్గదర్శకాల్లో ఉన్న కొలమానం ఇది. ఇలాంటి పనుల్లో మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఇంకొకరి సాయం లేకుండా చేసుకోలేకపోతే, లేదా మతిమరుపు లాంటి సమస్య తీవ్రంగా ఉంటే సాయానికి అర్హులు. రెండు పనులే అయినప్పుడు వాటితోపాటు ఇంకో రెండు కారణాలు ఉండాలి. 75 ఏళ్లు దాటి ఉండటం, ఒంటరిగా ఉండటం, డిప్రెషన్, ఏడాదిలో మూడుసార్లు ఆసుపత్రిలో చేరడం, వంట, మందులు, డబ్బు లెక్కలు, బజారు పనుల్లో మూడైనా చేసుకోలేకపోవడం లాంటివి ఆ కారణాలు. మీరు రాసినదాన్ని బట్టి స్నానం, బట్టలు, మంచం మీంచి లేవడం అనే మూడూ మీవారి చేతుల మీదే నడుస్తున్నాయి. అంటే మొదటి మెట్టుకే సరిపోతున్నాయి. పైగా ఆయన వయసు 77. చివరికి నిర్ణయించేది డాక్టరు బృందమే గానీ, మీరు అడుగుతున్నది అన్యాయమైన కోరిక ఏమాత్రం కాదు.

నేను కొన్నేళ్లు ఇళ్లకు వెళ్లి పరిస్థితి చూసే నర్సుగా పనిచేశాను. మొదట్లో ఒక పెద్దాయన ఇంటికి వెళ్లాను. కొరియాలో యుద్ధం చేసి వచ్చినవాడు. "బట్టలు వేసుకోగలరా?" అంటే "ఎందుకు వేసుకోలేను?" అన్నాడు. టిక్కు పెట్టబోతూ ఎందుకో ఆగి, "ఆ సాక్సు ఒకసారి వేసుకుని చూపిస్తారా?" అని అడిగాను. వంగాడు. కాలి వేళ్ల దాకా చెయ్యి వెళ్లింది, సాక్సు మాత్రం ఎక్కడం లేదు. మూడుసార్లు ప్రయత్నించాడు. ముఖం ఎర్రబడింది. ఆయన భార్య చూడలేక కిటికీ వైపు తిరిగిపోయింది. "రోజూ ఇది ఎవరు వేస్తారు?" అంటే చాలాసేపటికి "ఆవిడే" అన్నాడు. ఆ రోజు నుంచి "చేసుకోగలరా?" అని అడగడం మానేశాను. "ఈ రోజు పొద్దున ఎలా జరిగింది, చెప్పండి" అని అడగడం మొదలుపెట్టాను. మీ ఇంటికి వచ్చే మనిషి మొదటి ప్రశ్నే అడిగితే మీరు రెండో ప్రశ్నకు జవాబు చెప్పండి.

చేయగలగడం అన్న మాటలోనే చిక్కంతా ఉంది. ఎప్పుడో ఒకసారి చేయగలగడం వేరు. పడిపోకుండా, సరిపడా టైంలో, ప్రతి రోజూ చేయగలగడం వేరు. ఒక చొక్కా వేసుకోవడానికి నలభై నిమిషాలు పట్టి, ఆ తర్వాత టిఫిన్ తినే ఓపిక కూడా లేకపోతే ఆయన బట్టలు వేసుకోగలరని రాయకూడదు. అలాగే సాయం అంటే చెయ్యి పట్టుకోవడం ఒక్కటే అనుకోకండి. జారిపోతారేమోనని మీవారు బాత్రూమ్ గుమ్మం దగ్గర నిలబడి ఉండటం సాయమే. "ఇప్పుడు కుడి కాలు ముందుకు పెట్టండి నాన్నా" అని పక్కన ఉండి చెప్పడమూ సాయమే. రోజూ చేసేవాళ్లకు ఇవి అలవాటైపోయి పనుల్లా కనిపించవు. అందుకే అడిగినప్పుడు గుర్తుకు రావు.

గుర్తుపెట్టుకోవడానికి ఒక నోట్‌బుక్ పెట్టండి. రెండు వారాలు చాలు. పెద్ద పెద్ద వాక్యాలు వద్దు. "మంగళవారం 6:10, లేవడానికి ఇద్దరం పట్టాం. స్నానం మొత్తం మావారే చేయించారు. 2:30కి టాయిలెట్ దగ్గర ప్యాంటు గుండీ విప్పుకోలేకపోయారు, నేను విప్పాను. రాత్రి 1:00కి లేచారు, గోడ పట్టుకుని నిలబడిపోయారు." ఇలా టైం, ఏం జరిగింది, ఎవరు ఏం చేశారు అన్న మూడు ముక్కలు రాయండి. బాగున్న రోజు బాగున్నారనే రాయండి. దీన్ని గట్టిగా చెబుతున్నాను: ఒక్క మాట కూడా పెంచి రాయొద్దు. ఉన్నదే సరిపోతుంది. పైగా మీరు పెంచి రాస్తే ఆ లెక్కన వేసే సంరక్షణ ప్లానే తప్పుతుంది. ఆ రెండుసార్లు పడిన తేదీలు, అప్పుడు మందు వేసి ఎంతసేపయింది, దెబ్బ ఎక్కడ తగిలింది అన్నవి మొదటి పేజీలోనే ఉండాలి. వాటి గురించి డాక్టరుకు చెప్పి ఉండకపోతే ఈ వారమే చెప్పండి. పడిన సంగతి ఆయన వైద్య రికార్డులో ఉంటే, అసెస్‌మెంట్‌కు వచ్చే మనిషి గుమ్మం దాటకముందే ఆమెకు తెలిసి ఉంటుంది.

ఇప్పుడు మావగారితో మాట్లాడటం గురించి. ఆయన వెనక జరిగే పనిగా దీన్ని చేయకండి. నర్సును పక్కకు పిలిచి గుసగుసగా చెబితే ఆయనకు తెలుస్తుంది, చాలా బాధపడతారు. ముందురోజు మీవారు మాట్లాడటం మంచిది. కొడుకు మాట తండ్రి వేరుగా వింటాడు. ఇరవై ఏళ్ల వయసులో సైన్యంలో నేర్చుకున్న అలవాటు ఒకటి ఉంది, ఎవరైనా ఎలా ఉన్నావంటే "బాగున్నాను" అనడం. పక్కవాడికి భారం కాకూడదన్నది ఎముకల్లోకి ఇంకిపోయిన పాఠం. దాన్ని మనం వెక్కిరించకూడదు. కానీ అదే సైన్యంలో ఇంకో అలవాటు కూడా నేర్పుతారు: పరిస్థితి మీద ఇచ్చే రిపోర్ట్ ఉన్నది ఉన్నట్టు ఉండాలని. "నాన్నా, రేపు ఆమెకు మీరు రిపోర్ట్ ఇవ్వాలి. నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం జరిగిందో మీరే చెప్పండి. మీరు చెప్పకపోతే నేను చెప్పాల్సి వస్తుంది, అది నాకు ఇష్టం లేదు" అని మీవారు అడిగితే, చాలామంది పెద్దవాళ్లు తలూపడం నేను చూశాను. ఫిర్యాదు అనుకుంటే నోరు విప్పరు, రిపోర్ట్ అంటే చెబుతారు. ఇంకో మాట కూడా ఆయనతో అనొచ్చు, అది నిజం కాబట్టి: స్నానం చేయించడానికి ఇంకొకరు వస్తే మీవారు ఆయనకు మళ్లీ కొడుకుగా మిగులుతారు. పొద్దున్నే ఇద్దరూ కూర్చుని కాఫీ తాగే టైం ఉంటుంది.

మీరు అడగని ప్రశ్న ఒకటి ఉంది. నా దృష్టిలో మీ ఉత్తరంలో అన్నిటికంటే పెద్ద సంగతి అదే. మావగారు 1969లో వియత్నాంలో ఉన్నారన్నారు. ఆయనకు పార్కిన్సన్స్, షుగర్ రెండూ ఉన్నాయన్నారు. అక్కడి అడవుల మీద అమెరికా సైన్యం చల్లిన ఏజెంట్ ఆరెంజ్ లాంటి కలుపు మందుల వల్ల వచ్చినవిగా వీఏ కొన్ని జబ్బులను ముందుగానే ఒప్పుకుంటుంది. టైప్ 2 షుగర్‌ను 2001లో, పార్కిన్సన్స్‌ను 2010లో ఆ జాబితాలో చేర్చారు. 1962 జనవరి 9 నుంచి 1975 మే 7 మధ్య వియత్నాం నేల మీద పనిచేసినట్టు, ఇప్పుడు ఆ జబ్బు ఉన్నట్టు చూపిస్తే చాలు. మందు వల్లే జబ్బు వచ్చిందని మీరు నిరూపించాల్సిన పని లేదు. జబ్బు డెబ్బై ఏళ్లు దాటాక బయటపడినా ఫర్వాలేదు. ఆయన దీనికి ఎప్పుడైనా దరఖాస్తు చేశారా? చాలా ఇళ్లలో "వయసు మీద పడింది, అందుకే చేతులు వణుకుతున్నాయి" అనుకుని ఊరుకుంటారు. మీ ఉత్తరంలో రేటింగ్ మాట ఎక్కడా లేదు కాబట్టి, చేయలేదేమోనని నా అనుమానం.

ఈ జబ్బులు సైనిక సేవ వల్ల వచ్చినవని వీఏ ఒప్పుకుంటే ఒక శాతం ఇస్తుంది, దాన్నే రేటింగ్ అంటారు. పార్కిన్సన్స్‌కు కనీస రేటింగ్ 30 శాతం. చేతులు, కాళ్లు, మాట, మింగడం లాంటి వాటి మీద దాని ప్రభావాన్ని విడివిడిగా లెక్కేసి కలుపుతారు కాబట్టి, ముదిరినవాళ్లకు అంతకంటే చాలా పెద్ద అంకె వస్తుంది. ఆ రేటింగ్‌ను బట్టి నెలనెలా పన్ను లేని పరిహారం అందుతుంది. ఇంకొకరి సాయం లేకుండా రోజు గడవని స్థితి అయితే దాని మీద అదనపు మొత్తం కూడా ఉంది. దరఖాస్తు ఫారం 21-526ఈజెడ్. అది పూర్తిచేయడానికి టైం పడుతుంది కాబట్టి, ముందుగా దరఖాస్తు చేసే ఉద్దేశం ఉందని తెలిపే 21-0966 ఫారం పంపండి. ఏడాదిలోపు అసలు దరఖాస్తు వేస్తే, తర్వాత మంజూరయ్యే డబ్బును మామూలుగా ఆ మొదటి తేదీ నుంచే లెక్కిస్తారు. ఆ ఒక్క పేజీ ఆలస్యమైన ప్రతి నెలా నష్టమే.

కోడలికి డబ్బు ఇస్తారా అన్న మీ ప్రశ్నకు కూడా దారి ఇక్కడి నుంచే. అవును, ఇస్తారు. కుటుంబ సభ్యులే చూసుకుంటున్నప్పుడు వాళ్లకు నెలకు కొంత భృతి ఇచ్చే కార్యక్రమం ఒకటి 2010 చట్టంతో మొదలైంది. మొదట్లో అది 2001 సెప్టెంబరు 11 దాడుల కాలం నుంచి జరిగిన సేవలో గాయపడినవాళ్లకే. 2018 చట్టం తర్వాత, 2020 అక్టోబరు నుంచి వియత్నాం కాలం వాళ్లకూ, 2022 అక్టోబరు నుంచి అన్ని కాలాల వాళ్లకూ తెరిచారు. చూసుకునేవాళ్లకు 18 ఏళ్లు నిండి ఉండాలి. ఆయన కుటుంబంలోనివారు గానీ, ఆయనతో ఒకే ఇంట్లో ఉండేవారు గానీ కావచ్చు. కాబట్టి కోడలైనందుకు మీకు అడ్డేమీ లేదు. కాకపోతే మావగారికి సేవ వల్ల వచ్చిన వైకల్యాల రేటింగ్ ఒక్కటిగా గానీ, కలిపి గానీ 70 శాతం ఉండాలి. రేటింగ్ లేకుండా ముందే ఈ దరఖాస్తు వేస్తే అక్కడే ఆగిపోతుంది. అందుకే వరస ముఖ్యం.

ఇక్కడి అసెస్‌మెంట్ ఇంకొంచెం కఠినం. కనీసం ఆరు నెలలపాటు ఆగకుండా, ఎదురుగా ఉండి చేసే సంరక్షణ అవసరమని తేలాలి. పనుల జాబితాలో గడ్డం గీసుకోవడం, తల దువ్వుకోవడం లాంటివీ, కృత్రిమ అవయవం ఉంటే దాన్ని సర్దుకోవడమూ చేరతాయి. ఒక పనిని లెక్కలోకి తీసుకోవాలంటే ఆ పని చేసే ప్రతిసారీ సాయం కావాలన్నది వాళ్ల పట్టు. ఒక్కోసారి కావాల్సి వస్తుందంటే సరిపోదు. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు ఇది ఇబ్బందే, మంచి గంట అడ్డం వస్తుంది. అయితే స్నానం ఎప్పుడూ మీవారే చేయిస్తున్నారంటే అది ప్రతిసారీ కిందికే వస్తుంది. అడగకుండానే ఈ సంగతి చెప్పండి. భృతి రెండు స్థాయిల్లో ఉంటుంది. మీరు ఉండే ప్రాంతంలో ఒక ఫెడరల్ ఉద్యోగ జీతాన్ని ప్రమాణంగా తీసుకుని, నెల జీతంలో 62.5 శాతం గానీ, అవసరం మరీ ఎక్కువైతే పూర్తి 100 శాతం గానీ ఇస్తారు. దరఖాస్తు 10-10సీజీ, మావగారూ మీరూ కలిసి సంతకం పెట్టాలి. ఇదంతా తేలేలోగా భృతి లేని ఇంకో కార్యక్రమం ఉంది. వీఏ వైద్యంలో నమోదైన ఏ వెటరన్‌ను (మాజీ సైనికుణ్ని) చూసుకునేవాళ్లయినా శిక్షణకు, తోటివాళ్లతో మాట్లాడుకోవడానికి అందులో చేరొచ్చు. మీరు మీ మెడికల్ సెంటర్‌లో కేర్‌గివర్ సపోర్ట్ వాళ్లకు ఫోన్ చేయండి. మీ ఉత్తరం చదివితే మీకు ముందు కావాల్సింది కొంచెం ఊపిరి తీసుకునే వీలు అనిపించింది.

ఇక ఆ 3,000 డాలర్ల ఆయన. దయచేసి ఆయనకు ఒక్క డాలరు కూడా ఇవ్వకండి. వీఏలో మొదటిసారి దరఖాస్తు వేసిపెట్టినందుకు ఫీజు తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. ఆ పని చేసేవాళ్లకు వీఏ గుర్తింపు కూడా ఉండాలి. మీ కౌంటీ వెటరన్స్ సర్వీస్ ఆఫీసర్, లేదా డీఏవీ, వీఎఫ్‌డబ్ల్యూ, అమెరికన్ లీజియన్ లాంటి మాజీ సైనికుల సంఘాల గుర్తింపు పొందిన ప్రతినిధులు ఇదే పని ఉచితంగా చేస్తారు. ఆయన చెబుతున్న పెన్షన్ వేరే పథకం. యుద్ధకాలంలో పనిచేసి, ఆదాయమూ ఆస్తీ తక్కువగా ఉన్నవాళ్లకు అది. రోజువారీ పనులకు మనిషి సాయం కావాల్సినవాళ్లకు అందులో కొంత ఎక్కువ ఇస్తారు. డాక్టరు చేత 21-2680 ఫారం నింపించాలి. ఆస్తికి పరిమితి ఉంది, 2024 డిసెంబరు నుంచి 2025 నవంబరు దాకా అది 1,59,240 డాలర్లు. ఏటా మారుతుంది, సొంతంగా ఉండే ఇల్లు అందులో లెక్క రాదు. ఆస్తిని ట్రస్టులోకి మార్చేస్తే చాలని చెప్పేవాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. 2018 అక్టోబరు 18 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, దరఖాస్తుకు ముందు మూడేళ్లలో ఆస్తిని తక్కువకో, ఊరికేనో ఇచ్చేశారా అని వీఏ వెనక్కి తిరిగి చూస్తుంది. అలా చేసినట్టు తేలితే ఐదేళ్ల వరకు పెన్షన్ ఆపగలదు. ఆ డబ్బు ట్రస్టులో ఇరుక్కుని, పెన్షనూ రాక, రేపు ఆయనకు నిజంగా మనిషిని పెట్టాల్సి వస్తే ఎక్కడి నుంచి తెస్తారు? పైగా పెన్షనూ, నేను పైన చెప్పిన పరిహారమూ రెండూ ఒకేసారి ఇవ్వరు. ఏది ఎక్కువైతే అదే. మావగారికి పరిహారం హక్కుగా వచ్చే అవకాశం కనిపిస్తున్నప్పుడు ముందు ఆ తలుపే తట్టాలి.

రికార్డులు కాలిపోయాయన్న మాట సగం నిజం, అందుకే భయపెట్టడానికి పనికొస్తుంది. 1973 జూలై 12న సెయింట్ లూయిస్ దగ్గర సైనిక రికార్డుల కేంద్రంలో పెద్ద అగ్ని ప్రమాదం జరిగింది. కోటీ అరవై లక్షలకు పైగా ఫైళ్లు పోయాయి. కాలినవాటిలో ఆర్మీ వాళ్లవి ముఖ్యంగా 1912 నవంబరు నుంచి 1960 జనవరి 1 లోపు సైన్యం విడిచినవాళ్లవి. 1969లో వియత్నాంలో ఉన్నవాడి ఫైలు ఆ గుంపులోది కాదు. ఆయన పాత పెట్టెలో డీడీ 214 అనే డిశ్చార్జి కాగితం ఉండే ఉంటుంది, అడగండి. దొరక్కపోతే ఆ కేంద్రానికే ఉచితంగా రాసి కాపీ తెప్పించుకోవచ్చు. వియత్నాం సేవ ఉందో లేదో అందులో తెలుస్తుంది.

సాయం మంజూరైతే ఏమొస్తుందో ముందే తెలిసి ఉండటం మంచిది. వీఏతో ఒప్పందం ఉన్న ఏజెన్సీ నుంచి మనిషి వస్తారు, వారానికి కొన్ని గంటలు. స్నానం, బట్టలు, నడిపించడం, తినిపించడం లాంటివి చేస్తారు. ఇంజెక్షన్లు, గాయాలకు కట్లు ఆ మనిషి పని కాదు. ఆదాయాన్నీ రేటింగ్‌నూ బట్టి మీ వాటాగా కొంత కట్టాల్సి రావచ్చు, అదీ ముందే అడగండి. గంటలు తక్కువ కాబట్టి ఏ వేళకు రావాలన్నది మీరే పట్టుబట్టి చెప్పండి. మధ్యాహ్నం మందు పనిచేస్తున్నప్పుడు వచ్చి కూర్చుంటే మీకు ఉపయోగం లేదు, పొద్దున ఆరు నుంచి ఎనిమిది కావాలి. కొన్ని మెడికల్ సెంటర్లలో వెటరన్ డైరెక్టెడ్ కేర్ అని ఇంకో పద్ధతి ఉంది. అందులో ఒక బడ్జెట్ ఇస్తారు, మనిషిని మీరే ఎంచుకోవచ్చు. చాలా సందర్భాల్లో కుటుంబ సభ్యుల్నీ పెట్టుకోనిస్తారు. మీ సెంటర్‌లో ఉందేమో సోషల్ వర్కర్‌ను అడగండి.

స్నానానికి మగ మనిషిని పంపమని అడగడానికి మొహమాటపడకండి. ఏజెన్సీలకు ఇది మామూలే. ఎవరు కావాలో ముందు మావగారినే అడిగి, ఆయన చెప్పిందే ఏజెన్సీకి చెప్పండి. మొదటి రెండు రోజులు మీవారు ఇంట్లో ఉండి, ఆయన ఏ చేతిని ముందు పట్టుకుంటారో, బాత్రూమ్‌లో ఏ మూల కాలు ఆగిపోతుందో వచ్చిన మనిషికి చూపించాలి. ఆ వివరాలు మీ నోట్‌బుక్‌లో అప్పటికే ఉంటాయి.